ఆ పిల్లలు బడికొచ్చింది చదువుకోవడానికి

మీ ఉత్తరాలు – టీచరమ్మ జవాబులు

శరణార్థి కుటుంబాల పిల్లల్ని చేర్చుకున్న ఒక క్రైస్తవ పాఠశాల గురించి పోయిన సంచికలో నాలుగు మాటలు రాశాను. దానిమీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య మరే విషయం మీదా రాలేదు. టీచర్లు రాశారు, తల్లిదండ్రులు రాశారు, సంఘ పెద్దలు రాశారు, ఆఫీసులో పనిచేసే గుమస్తా ఒకరు రాశారు. నేను చర్చి నడిపే బడిలోనే పనిచేసి రిటైరయ్యాను. చివరి సంవత్సరాల్లో ఇలాంటి పిల్లల అడ్మిషన్లు, వాళ్ల బాగోగులు నా చేతిమీదుగానే జరిగేవి. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను. పేర్లు, ఊళ్లు తీసేశాను. ఎందుకు తీసేశానో మొదటి జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: టీచర్‌గారూ, మా బడిలో ఈ ఏడాది శరణార్థి కుటుంబాల పిల్లలు కొందరు చేరారు. జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినోత్సవం కదా, ఆ రోజు వాళ్లని స్టేజి ఎక్కించి, ఇల్లు వదిలి ఎలా బయటపడ్డారో చెప్పించాలని మా కరస్పాండెంట్‌గారి ఆలోచన. దాతలు వస్తారట, వీడియో కూడా తీస్తారట. ఆ పిల్లల్లో ఒక పాప నా నాలుగో తరగతిలోనే ఉంది. విషయం చెప్పగానే తల వంచేసుకుంది. వద్దని చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పాప తల వంచేసుకుందని మీరే రాశారు. ఇక నన్ను అడగాల్సింది ఏముంది? ఆ పాపని స్టేజి ఎక్కించకండి.

కరస్పాండెంట్‌గారిది చెడు ఉద్దేశమని నేననుకోను. దాతల మనసు కరిగితే ఆ డబ్బు ఈ పిల్లలకే పనికొస్తుందని ఆయన లెక్క. కానీ ఆ లెక్కలోకి రావలసినవి రెండు రాలేదు. ఒకటి భద్రత. ఈ కుటుంబాల్లో చాలామందికి సొంత దేశంలో ఇంకా మనుషులు మిగిలే ఉంటారు. ముసలి తల్లో, అజ్ఞాతంలో ఉన్న మేనమామో. ఎవరికి భయపడి రాత్రికి రాత్రి పారిపోయి వచ్చారో వాళ్ల చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. ఫలానావాళ్ల పాప ఫలానా బడిలో చదువుతోందని తెలియడానికి ఒక్క వీడియో చాలు. పైగా ఆశ్రయం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఇంకా విచారణలో ఉందనుకోండి, స్టేజి మీద భయపడుతూ పాప చెప్పినదానికీ, అధికారుల ముందు నాన్న చెప్పినదానికీ తేడా వచ్చిందంటే ఆ ఇంట్లో టెన్షన్ ఎంత ఉంటుందో ఆలోచించండి.

రెండోది పాప మనసు. అడిగి చెప్పించేస్తే గుండె బరువు దిగుతుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స గురించి ఒక మార్గదర్శిని తెచ్చింది. అందులో ఉన్నది ఈ నమ్మకానికి సరిగ్గా ఎదురు. జరిగిందంతా చెప్పమని ఎవరినీ బలవంతపెట్టవద్దు, వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి, ముందు వాళ్లకి ఇప్పుడేం అవసరమో చూడండి అంటుంది. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అనేది ఆ పాప చేతిలో ఉండాలి. ఇల్లు, ఊరు, స్నేహితులు అన్నీ తనని అడక్కుండానే పోయాయి. కనీసం ఇదైనా తన చేతిలో ఉండనివ్వండి.

తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తే సరిపోతుంది కదా అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. ఫీజు లేకుండా చదువుతున్న పాప తండ్రి ‘వద్దు’ అనగలడా? ఆ సంతకానికి నేను విలువ ఇవ్వను.

ధైర్యం చాలడం లేదన్నారు కనుక మీ చేతికి ఒక ఆధారం ఇస్తాను. విపత్తుల్లో సాయం చేసే సంస్థల కోసం రెడ్‌క్రాస్ వాళ్లతో కలిసి 1994లో ఒక ప్రవర్తనా నియమావళి తయారైంది. దాన్ని ముందుకు తెచ్చినవాళ్లలో క్రైస్తవ సంస్థలైన కారితాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, ప్రపంచ చర్చిల మండలి ఉన్నాయి. అంటే అది మనవాళ్లు పెట్టుకున్న కట్టుబాటే. అందులో పదో అంశం ప్రకారం, ప్రచారంలో బాధితులను గౌరవం గల మనుషులుగా చూపాలి, దిక్కులేనివాళ్లుగా చూపకూడదు. ఇది కరస్పాండెంట్‌గారి ముందు పెట్టండి. సభే వద్దని చెప్పకండి, ఇలా చేద్దామని చెప్పండి. దాతలకు కావలసింది డబ్బు దేనికి పోతుందో తెలియడం. భాష నేర్పే టీచర్ జీతం, బస్సు ఖర్చు, వారానికి ఒకరోజు వచ్చే కౌన్సెలర్ ఫీజు, ఇవి కాగితం మీద పెట్టి ఒక టీచరే నిలబడి వివరించవచ్చు. ఆ పాపకి పాట ఇష్టమైతే బృందగానంలో అందరి మధ్యా నిలబడి పాడుతుంది. ఏ పిల్ల ఎక్కడినుంచి వచ్చిందో దాతలకు తెలియాల్సిన పనిలేదు.

ప్రశ్న: నేను మా సంఘంలో పెద్దని. మా బడి కమిటీలోనూ ఉన్నాను. శరణార్థి పిల్లలకు ఫీజు, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితంగా ఇస్తున్నాం. కొందరు తల్లిదండ్రులు వేరే మతంవాళ్లు. మా పిల్లలు ప్రార్థనకి, బైబిల్ తరగతికి రారు అంటున్నారు. ఇన్ని చేస్తున్నప్పుడు ఆ మాత్రం ఆశించడం తప్పా?

జవాబు: అయ్యగారూ, సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. తప్పే. సాయానికి బదులుగా ఆశిస్తే తప్పు.

పైన చెప్పిన నియమావళిలోనే మూడో అంశం, సాయాన్ని ఏ మత దృక్పథాన్నీ పెంచడానికి వాడకూడదని చెబుతుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో నాలుగో అధికరణం శరణార్థులకు తమ మతాన్ని పాటించే స్వేచ్ఛతోపాటు పిల్లలకు ఏ మతబోధ ఇప్పించాలన్న విషయంలోనూ స్వేచ్ఛ ఉండాలంటుంది. అవి లోకం పెట్టుకున్న నియమాలు, మనది వాక్యం కదా అంటారేమో. లేవీయకాండం 19వ అధ్యాయం తీయండి. మీ మధ్య ఉన్న పరదేశిని మీలో పుట్టినవాడిలాగే చూడండి, ఐగుప్తులో మీరూ పరదేశులే కదా అని ఉంది. అక్కడ షరతేమీ లేదు. మత్తయి సువార్త 25లో ఆకలిగొన్నవాడికి, పరదేశికి చేసిన మేలు గురించి ప్రభువు చెప్పినచోట కూడా వాడి విశ్వాసం ఏమిటని ఎవరూ అడగలేదు.

ఒక బడి సంగతి చెబుతాను. ఫ్రాన్సులో లె షాంబోన్ అనే కొండప్రాంతపు ఊళ్లో ఆంద్రే త్రోక్మే, ఎడ్వార్ తైస్ అనే ఇద్దరు ప్రొటెస్టెంట్ పాస్టర్లు 1938లో ఒక పాఠశాల పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. నాజీల నుంచి తప్పించుకున్న యూదుల కుటుంబాలు, తల్లిదండ్రులు లేకుండా ఒంటరిగా మిగిలిన యూదు పిల్లలు ఆ చుట్టుపక్కలకు చేరారు. ఆ పిల్లలు ఈ బడిలో చదివారు. శరణార్థులుగా వచ్చినవాళ్లలో కొందరు అక్కడే పాఠాలు చెప్పారు. విద్యార్థుల వసతిగృహం ఒకటి నడుపుతున్న దానియెల్ త్రోక్మే, ఆంద్రేకి బంధువు. 1943 జూన్‌లో ఆ ఇంటిమీద దాడి జరిగినప్పుడు ఆయన తప్పించుకునే వీలుండి కూడా తన విద్యార్థులను వదిలి వెళ్లలేదు. వాళ్లతోపాటే అరెస్టయి, 1944లో నాజీల మైదానెక్ శిబిరంలో చనిపోయారు. యూదుల స్మారక సంస్థ యాద్ వషేమ్ 1990లో ఆ ఊరినీ పరిసర గ్రామాలనూ కలిపి గౌరవించింది. చర్చినుంచి పుట్టిన బడి ఎలా ఉండగలదని ఎవరైనా నన్ను అడిగితే నేను చూపించేది ఆ ఊరినే.

ఇప్పుడు మీ బడిలో చేయవలసిన పని. ఇది క్రైస్తవ పాఠశాల అని, ఉదయం ప్రార్థన జరుగుతుందని దాచనక్కర్లేదు. అడ్మిషన్ రోజునే ఆ తల్లిదండ్రుల భాషలో చెప్పండి. రావడం రాకపోవడం వాళ్లిష్టమని, దానికీ ఫీజుకీ సంబంధం లేదని కూడా అప్పుడే చెప్పండి. రాని పిల్లలకు ఆ సమయంలో ఒక టీచర్‌తో లైబ్రరీలో చోటివ్వండి. వరండాలో నిలబెట్టడం మాత్రం వద్దు, అది శిక్షలా కనబడుతుంది. వాళ్ల పండుగ రోజున సెలవు అడిగితే ఇవ్వండి. మీ విశ్వాసం గురించి ఆ కుటుంబాలు తెలుసుకోవాలనుకుంటే వాళ్లే అడుగుతారు.

ప్రశ్న: రెండో తరగతి టీచర్‌ని. నా క్లాసులో చేరిన బాబు కొన్ని నెలలుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చెప్పింది అర్థమవుతున్నట్టే ఉంటుంది. మూగవాడేమో, మానసిక సమస్యేమో పరీక్ష చేయించండి అని తోటి టీచర్లు అంటున్నారు. ఇంట్లో వాళ్ల భాష మానేసి బడి భాషే మాట్లాడమని తల్లికి చెప్పమంటున్నారు. చెప్పనా?

జవాబు: తల్లికి ఆ మాట చెప్పకండి. మిగతావన్నీ తరవాత, ముందు ఇది. ఆ తల్లికి బాగా వచ్చిన భాష అదొక్కటే. కథ చెప్పేది, కోప్పడేది, జోల పాడేది అందులోనే. అది కూడా తీసేస్తే బాబుకి ఇంట్లోనూ మాటల్లేని పరిస్థితి వస్తుంది. ఇంటి భాష గట్టిగా ఉన్న పిల్లలకే రెండో భాష బాగా పట్టుబడుతుంది.

కొత్త భాష మధ్యలో పడిన పిల్లలు మొదట కొంతకాలం మౌనంగా ఉండిపోవడం చాలా మామూలు. వింటూ ఉంటారు, పోగుచేసుకుంటూ ఉంటారు. కెనడాలో ద్విభాషా విద్య మీద పనిచేసిన జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు చూపించిన సంగతి ప్రతి టీచరూ గుర్తుపెట్టుకోవాలి. ఆటల్లో, మధ్యాహ్నం కబుర్లలో వాడే భాష రెండేళ్లలోపు వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకంలోని భాషలో తోటివాళ్లతో సమానం కావడానికి మాత్రం ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. రేపు ఈ బాబు గలగలా మాట్లాడటం మొదలుపెట్టాక ‘ఇంకేం, భాష వచ్చేసింది’ అని ప్రత్యేక క్లాసు ఆపేస్తారు చూడండి, అసలు నష్టం అప్పుడు జరుగుతుంది. సైన్సు, సాంఘికశాస్త్రం ప్రశ్నపత్రం ముందు కూర్చుని ఏమీ రాయలేకపోతే మందబుద్ధి అంటారు.

నేను పనిచేసిన బడిలో ఒక పాప ఉండేది. క్లాసులో కూర్చున్నంతసేపూ బ్యాగు భుజాల నుంచి తీసేది కాదు. బ్యాగుతోనే బెంచీ అంచున కూర్చునేది, అదీ తలుపు పక్క బెంచీ. వీపు ఆనించడానికి చోటుండేది కాదు. తియ్యమని గదమాయిస్తే రెండు చేతులతో పట్టీలు బిగించి పట్టుకునేది. వాళ్లమ్మని పిలిపించి, వాళ్ల భాష తెలిసిన మనిషిని పెట్టి అడిగిస్తే తెలిసింది. దారిలో ఎప్పుడు లేచి పరుగెత్తాల్సి వస్తుందో తెలియక, నిద్రలో కూడా బ్యాగు తీయవద్దని పిల్లలకు పెద్దవాళ్లే నేర్పారు. ఆ బ్యాగులో ఇంటిల్లిపాది కాగితాలూ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉండేవట. కాగితాలు ఇప్పుడు ఇంట్లో భద్రంగా ఉన్నాయి, బ్యాగులో పలక, పుస్తకాలే ఉన్నాయి. అయినా చేతులు వదలడం లేదు. ఆ క్లాసు టీచర్‌కి నేను చెప్పింది ఒకటే, బ్యాగు ఊసెత్తవద్దు, తలుపు పక్క చోటు మార్చవద్దు. గంట కొట్టేముందు పాప వైపు చూసి చెయ్యి ఊపి సైగ చేయమన్నాను, చప్పుడుకి ఉలిక్కిపడకుండా. ఆ టీచర్ అంతకంటే మంచి పని చేసింది. పాప పేరు రాసిన కొక్కెం ఒకటి, తలుపు పక్క గోడకి, ఆ బెంచీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో బిగించింది. ఎవరూ ఏమీ అనలేదు. కొన్నాళ్లకి బ్యాగు ఆ కొక్కేనికి ఎక్కింది. మాట కూడా ఆ దరిదాపుల్లోనే వచ్చింది, పక్క పిల్లని రబ్బరు అడగడానికి.

మీ బాబుకి కూడా నమ్మకంగా తెలిసిన క్రమం కావాలి. రోజూ అదే చోటు, అదే పక్క పిల్లవాడు, ఈరోజు ఏ గంటలో ఏముందో బోర్డు మీద బొమ్మలతో ఉండాలి. ఫైర్ డ్రిల్ ఉంటే ముందురోజే ఇంటికి చెప్పండి. మాటతో కాకుండా చూపించి, గీసి, పేర్చి జవాబిచ్చే పనులు ఇవ్వండి. అందరి ముందు ‘చెప్పు, చెప్పు’ అని నిలబెట్టకండి. ఇంట్లో సొంత భాషలో మాట్లాడుతున్నాడా అని తల్లిని అడగండి. మాట్లాడుతుంటే కంగారు పడనక్కర్లేదు. ఇంట్లోనూ మాట్లాడకపోయినా, నిద్రపోకపోయినా, తినకపోయినా, వచ్చిన పనులు మరిచిపోతున్నా, తనని తాను గాయపరచుకుంటున్నా ఆలస్యం చేయకండి, పిల్లల డాక్టర్‌కి, కౌన్సెలర్‌కి చూపించండి. వినికిడి పరీక్ష ఎలాగూ మంచిదే. బాంబుల మోతల మధ్య నుంచి వచ్చిన పిల్లల విషయంలో అది మరీ అవసరం.

ప్రశ్న: పాఠశాల ఆఫీసులో పనిచేస్తాను. శరణార్థి కుటుంబాలు అడ్మిషన్‌కి వస్తే జనన ధ్రువీకరణ పత్రం ఉండదు, టీసీ ఉండదు. ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలకూ పుట్టినరోజు జనవరి 1 అని రాసి ఉంది. ఇదేదో దొంగ కాగితంలా ఉందని నాకు అనుమానం. ఫైలు ఎలా పూర్తిచేయాలి?

జవాబు: అనుమానం వదిలేయండి బాబూ. పుట్టిన తేదీ నమోదు కానిచోట, కాగితాలు కాలిపోయినచోట, నమోదు చేసే అధికారులు ఏడాది మాత్రం తెలుసుకుని తేదీ దగ్గర జనవరి 1 అని వేసేస్తారు. ప్రపంచమంతటా శరణార్థుల్లో ఎంతోమందికి కాగితాల మీద అదే పుట్టినరోజు. ఆ ముగ్గురు పిల్లలూ ఒకే తేదీతో రావడం మామూలు విషయం.

1951 ఒప్పందంలో 22వ అధికరణం ప్రాథమిక విద్య విషయంలో శరణార్థులను ఆ దేశ పౌరులతో సమానంగా చూడాలంటుంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణం చదువు హక్కు ప్రతి బిడ్డదీ అంటుంది. మీ దేశం వీటిలో దేనిమీద సంతకం పెట్టింది, స్థానిక చట్టం ఏ కాగితాలు అడుగుతోంది అన్నది విద్యాశాఖ ఆఫీసులో కనుక్కోండి. కానీ కాగితం వచ్చేదాకా పిల్లని గేటు బయట ఉంచకండి. తాత్కాలిక అడ్మిషన్ ఇచ్చి క్లాసులో కూర్చోబెట్టండి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ 2024లో ఇచ్చిన విద్యా నివేదిక ప్రకారం బడి వయసు శరణార్థి పిల్లలు సుమారు 1 కోటి 48 లక్షల మంది. అందులో దాదాపు 72 లక్షల మంది ఏ బడిలోనూ లేరు. ప్రాథమిక స్థాయిలో 65 శాతం చేరుతుంటే మాధ్యమిక స్థాయికి వచ్చేసరికి 42 శాతమే. మీ ముందు నిలబడ్డ తండ్రి అన్ని అడ్డంకులూ దాటి మీ కౌంటర్ దాకా వచ్చాడు.

తరగతి నిర్ణయించేటప్పుడు భాష రాదని పదకొండేళ్ల పిల్లని ఒకటో తరగతిలో కూర్చోబెట్టవద్దు. వయసుకి తగ్గ క్లాసులో వేసి, భాషకి విడిగా గంటలు ఇవ్వాలి. లెక్కల పరీక్ష ఒకటి పెట్టి చూడండి, అందులో మాటలు తక్కువ కనుక పిల్ల అసలు స్థాయి బయటపడుతుంది. వాళ్లు చూపించిన అసలు కాగితాలు మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. కాపీ తీసుకుని అప్పటికప్పుడే తిరిగి చేతికివ్వండి. ఆ కాగితం కోసం వాళ్లు ఏమేం వదులుకున్నారో మనకు తెలియదు. ఇంకొకటి, పుట్టినరోజు పిల్లల పేర్లు అసెంబ్లీలో చదివే అలవాటు మీ బడిలో ఉంటే, ఆ కుటుంబాలను అడిగి వాళ్లకి నచ్చిన రోజున చదవండి.

ప్రశ్న: ఒక శరణార్థి కుటుంబంతో పేరెంట్స్ మీటింగుకి దుబాసీ దొరకడం లేదు. ఏడో తరగతి చదివే వాళ్ల పెద్దబ్బాయికి మన భాష బాగా వచ్చింది. వాడి చేతే చెప్పించవచ్చా?

జవాబు: రేపు సెలవు అని చెప్పించవచ్చు. చెల్లెలి మార్కులు తగ్గాయని, అమ్మకి డాక్టర్ దగ్గరకి వెళ్లమని, ఫీజు బకాయి ఉందని వాడి నోటితో చెప్పించవద్దు. అది పిల్లవాడు మోయాల్సిన బరువు కాదు, తండ్రి పెద్దరికానికీ మంచిది కాదు. ఆ భాష తెలిసిన పెద్దవాళ్లని ఫోన్లోనైనా పట్టుకోండి. ఆ ఇంటివాళ్లకి చుట్టంగాని, వాళ్ల దేశంలో ఎదుటి వర్గంవాడుగాని కాకుండా చూసుకోండి.

ప్రశ్న: మా చర్చి మహిళా సమాజం తరఫున మేం నలుగురం ఒక శరణార్థి కుటుంబాన్ని చూసుకుంటున్నాం. వారం వారం బట్టలు, సామాన్లు తీసుకెళ్తాం. మొదట్లో ఆవిడ కన్నీళ్లు పెట్టుకుని కృతజ్ఞతలు చెప్పేది. ఇప్పుడు తలుపు తీయడానికే ఇష్టపడనట్టు ఉంటోంది. సంచి అందుకుని పక్కన పెట్టేస్తుంది, లోపలికి రమ్మనదు. వాళ్ల దేశంలో ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పేదట. మావాళ్లకి మనసు కష్టంగా ఉంది. మానేద్దామా?

జవాబు: చెల్లెమ్మా, మానవద్దు. తీసుకెళ్లే తీరు మార్చండి. ఆవిడ లెక్కల టీచర్ అనే మాట మీ ఉత్తరంలో చివర ఎక్కడో రాశారు. నేనైతే దానితోనే మొదలుపెడతాను.

ఒక్కసారి ఆవిడ వైపు నుంచి చూడండి. తన జీతంతో ఇల్లు నడిపిన మనిషి. ఇప్పుడు తన పిల్లలు ఏ రంగు చొక్కా వేసుకోవాలో కూడా ఇంకెవరో నిర్ణయిస్తున్నారు. మీరు చెప్పకుండా వస్తారు, నలుగురు వస్తారు, వచ్చినప్పుడల్లా ఆవిడ కృతజ్ఞతగా కనబడాలి. ఎన్నాళ్లు కనబడగలదు? ఇప్పుడు మౌనంగా సంచి అందుకుంటోందంటే మీ దగ్గర నటించాల్సిన అవసరం తగ్గిందనే నేను అర్థం చేసుకుంటాను.

వెళ్లేముందు ఫోన్ చేసి వీలేనా అని అడగండి. ఒక్కరో ఇద్దరో వెళ్లండి. వచ్చిన బట్టలు బడిలోనో చర్చి హాల్లోనో ఒక గదిలో వేలాడదీసి, అవసరమున్న తల్లులందరూ, శరణార్థులే కాదు, వచ్చి తమకు నచ్చినవి ఏరుకునేలా చేయండి. చిరిగినవి, మాసినవి ముందే తీసేయండి. వీలుంటే డబ్బో కొనుగోలు కూపనో ఇవ్వండి, ఏం కొనాలో ఆవిడకి మనకంటే బాగా తెలుసు.

ఆవిడకి మీ నుంచి కావలసింది బహుశా సామాను కాదు, దారి. ఆవిడ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు ఎలా వస్తుంది, పని చేసే అనుమతి ఉందా, భాషా తరగతులు ఎక్కడ, ఇలాంటివి. కెనడాలో 1979 నుంచీ పౌరులే బృందాలుగా ఏర్పడి శరణార్థి కుటుంబాల బాధ్యత తీసుకునే పద్ధతి ఉంది. ఆ పని మొదటినుంచీ ఎక్కువగా భుజాన వేసుకున్నది చర్చి సంఘాలే. అక్కడ సామాన్యంగా 12 నెలలని గడువు పెట్టుకుంటారు. ఇల్లు, బడి, డాక్టర్, బ్యాంకు ఖాతా, ఉద్యోగం వెతుకులాట, ఆ ఏడాదిలో ఒక్కొక్కటే కుటుంబం చేతికి అప్పగించుకుంటూ వస్తారు. శరణార్థులకు చేసిన మేలుకి యూఎన్‌హెచ్‌సీఆర్ ఇచ్చే నాన్సెన్ అవార్డు 1986లో మొత్తం కెనడా ప్రజలకే వచ్చింది. ఆ గడువు పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఇచ్చేవాళ్లు ఎప్పటికీ ఇచ్చేవాళ్లుగా, పుచ్చుకునేవాళ్లు ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లుగా ఉండిపోకుండా కాపాడుతుంది.

ఇంకో సంగతి. మీ బడిలో సాయంత్రం లెక్కల్లో వెనకబడిన పిల్లలు ఎందరో ఉంటారు. చట్టం ఒప్పుకుంటే ఆవిడకి జీతమిచ్చి ఆ క్లాసు అప్పగించమని హెడ్మిస్ట్రెస్‌ని అడగండి. ఆవిడని దయచేసి ఊరికే చేయమనకండి.

ప్రశ్న: నా ఇద్దరు పిల్లలూ ఇదే బడిలో చదువుతున్నారు. మాది కూడా కష్టపడి బతికే కుటుంబమే. ఫీజు ఒక నెల ఆలస్యమైతే మా అబ్బాయిని నిలబెట్టారు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లకి అన్నీ ఉచితం. ఇది అడిగితే నాకు జాలి లేదంటున్నారు. మీరూ అలాగే అంటారా?

జవాబు: అననమ్మా. ఫీజు కోసం పిల్లవాడిని నిలబెట్టడం ఏ బడిలో జరిగినా తప్పు. మీ కోపం న్యాయమైనది. అది కొత్తగా వచ్చిన కుటుంబాల మీదకి కాకుండా, చేయవలసినవాళ్ల మీదకి వెళ్లాలన్నదే నా కోరిక.

మేనేజ్‌మెంట్ వాళ్లు ఈ జవాబు చదువుతుంటే వాళ్లకి చెబుతున్నాను. ఉచితానికి ‘శరణార్థి’ అని ఒక ఖాతా, మిగతా పేదపిల్లలకు ఇంకో ఖాతా పెట్టకండి. ఒకే సహాయనిధి, ఒకే దరఖాస్తు ఫారం ఉండాలి, ఇంటి పరిస్థితి చూసి ఇవ్వాలి. ఎవరికి ఎంత ఇచ్చారో బయటికి చెప్పకూడదు. హోంవర్క్ క్లబ్ పెడితే అందరికీ పెట్టండి. అలా చేసిన బడుల్లో ఈ గొడవ రాదని అనను, కానీ చాలావరకు తగ్గుతుంది. అమ్మా, మీరు మాత్రం వచ్చే పేరెంట్స్ మీటింగులో ఇదే అడగండి. వీలైతే ఆ కుటుంబాల్లోంచి ఒక తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఇద్దరికీ కావలసింది ఒకటే కనుక మీ మాటకి బలం వస్తుంది.

ప్రశ్న: మా తరగతిలోని ఒక శరణార్థి పాప కుటుంబానికి మూడో దేశంలో పునరావాసం ఖాయమైంది. కొద్దిరోజుల్లో ప్రయాణం. విద్యాసంవత్సరం సగంలో ఉంది. మా పిల్లలు ఏడుస్తున్నారు. మేమేం చేయాలి?

జవాబు: ముందుగా ఆ కుటుంబానికి నా తరఫున శుభాకాంక్షలు చెప్పండి. ప్రపంచంలోని శరణార్థుల్లో ఈమధ్య ఏ ఏడాదైనా ఇలా సొంత దేశమూ, ఆశ్రయమిచ్చిన దేశమూ కాని మూడో దేశంలో పునరావాసం దొరికేది ఒక శాతం లోపే.

పిల్లల్ని ఏడవనివ్వండి. కానీ వీడ్కోలు జరగాలి. ఆ పాప ఇంతకుముందు వదిలివచ్చిన బడిలో ఎవరికీ చెప్పకుండానే వచ్చేసి ఉంటుంది. ఈసారి అలా కాకూడదు. చివరిరోజు తరగతిలో అందరూ తలా ఒక వాక్యం రాసి ఇవ్వండి. క్లాసు ఫొటో ఇవ్వాలనుకుంటే, ఆ తల్లిదండ్రులనీ మిగతా తల్లిదండ్రులనీ అడిగి, అచ్చు వేసి చేతికివ్వండి, ఎక్కడా పోస్టు చేయవద్దు. ఏ దేశం, ఏ ఊరు, ఏ తేదీ అన్నది అసెంబ్లీలో ప్రకటించవద్దు.

ఆఫీసు పని మీరు దగ్గరుండి చేయించండి. టీసీ, ఇప్పటిదాకా వచ్చిన మార్కులు, హాజరు, చదివిన పాఠ్యాంశాల జాబితా ఉండాలి. వాటితోపాటు ఒక పేజీ ఉత్తరం కూడా పెట్టండి. ఈ పాప లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చింది, ఏ పుస్తకం చదవగలదు, ఏ ఆట ఇష్టం, గంట చప్పుడుకి ఎలా స్పందిస్తుంది అన్నవి వచ్చే టీచర్‌కి తెలిసేలా రాయండి. పాప ఎక్కడినుంచి ఎందుకు పారిపోయి వచ్చిందో అందులో రాయకండి, అది చెప్పడం చెప్పకపోవడం వాళ్లిష్టం. కాగితాలన్నీ స్కూలు ముద్రతో మూడు జతలు చేయించి, ఒక జత చేతిసంచిలో, ఒక జత పెట్టెలో పెట్టుకోమనండి. మూడో జత మీ ఆఫీసు బీరువాలో ఉంచి, ఎప్పుడైనా మళ్లీ కావాలంటే ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఆ కవరు మీదే పెద్ద అక్షరాలతో రాసివ్వండి.